సరళా ఠక్రాల్ సంస్మరణ సభలో ఏం చెప్పాలి?

ప్రశ్న: ఒడిశాలోని రాయగడలో మా తెలుగువాళ్లం కలిసి సరళా ఠక్రాల్ సంస్మరణ సభ పెడుతున్నాం. ఆవిడ గురించి ముఖ్యంగా ఏం చెప్పాలి?

వివరణ: "విమానం నడిపిన తొలి భారతీయ మహిళ" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకండి. ఊర్మిళా పరీఖ్ 1932లోనే పైలట్ లైసెన్సు తీసుకున్నారు. కాబట్టి తొలితరం పైలట్ అంటే సరిగ్గా ఉంటుంది, గౌరవమూ తగ్గదు.

1936లో, 21 ఏళ్ల వయసులో, చీరకట్టుతోనే జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపారు. అప్పటికే ఆవిడకు నాలుగేళ్ల కూతురు. లాహోర్ ఫ్లయింగ్ క్లబ్బులో చేరమని దగ్గరుండి ప్రోత్సహించింది భర్త, మామగారు. ఈ మాట సభకొచ్చే మామగార్లకు గట్టిగా వినిపించాలి!

నాకు మాత్రం ఆ తర్వాతి కథే పెద్దది. 1939లో పైలట్ అయిన భర్త విమాన ప్రమాదంలో పోయారు. కమర్షియల్ లైసెన్సు కోసం సిద్ధమవుతుంటే రెండో ప్రపంచ యుద్ధం వచ్చి శిక్షణ ఆగిపోయింది. ఆవిడ కూలబడలేదు. లాహోర్‌లో చిత్రకళ నేర్చుకున్నారు. దేశ విభజన తర్వాత పిల్లలతో ఢిల్లీ చేరి, మళ్లీ పెళ్లి చేసుకుని, నగలు, చీరల డిజైనింగ్‌తో సొంత వ్యాపారం నిలబెట్టారు. 2008లో కన్నుమూశారు.

మన ఒడిశాలోనే మల్కన్‌గిరి జిల్లా ఆదివాసీ అమ్మాయి అనుప్రియా లక్రా 2019లో కో-పైలట్ అయిన సంగతి కూడా చెప్పండి. సభ తెలుగు, ఒడియా రెండింటిలో నడిపితే బడిపిల్లలందరికీ అందుతుంది.