ఢిల్లీ తేదీలు పట్టుకుని ఊళ్లోకి పోకు

బిడ్డా,

హనుమకొండ నుంచి తాత దీవెనలు. ఎమర్జెన్సీ తర్వాతి ఉత్తర తెలంగాణ రాజకీయాల మీద ప్రాజెక్టు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు చదివే కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1976లో.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. 1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు, ఢిల్లీలో సర్కారు మారింది, భయం పోయింది అని ముందే రాసుకుని ఊళ్లోకి పోకు. ఇందిరాగాంధీ ఓడిపోయిన ఆ లోక్‌సభ ఎన్నికల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌వే. జనతా తరఫున నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే గెలిచారు. మన హనుమకొండలో పి.వి. నరసింహారావు గెలిచారు. ఇది చూసి ఇక్కడి జనానికి ఎమర్జెన్సీ నచ్చిందని తేల్చేస్తుంటారు. ఆ తొందర నీకొద్దు. అప్పట్లో ఓటు ఎవరి మాట మీద పడేదో ముందు కనుక్కో. శిస్తు వసూలు చేసే మాలీ పటేలు, ఊరి శాంతిభద్రతలు చూసే పోలీసు పటేలు, భూముల లెక్కలు రాసే పట్వారీ ఊరిని ఎట్లా నడిపారో అడుగు. పహాణీలో, అంటే భూమి రికార్డులో, పేరు ఉండాలన్నా పోవాలన్నా పట్వారీ కలమే కదా. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా వాళ్లున్నారు.

జగిత్యాల, సిరిసిల్ల వైపు తప్పకుండా పో. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో దొరల పెత్తనానికి వ్యతిరేకంగా రైతుకూలీల జైత్రయాత్ర అనే పెద్ద ఊరేగింపు జరిగింది. అక్టోబర్‌కల్లా ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి పోలీసులకు ప్రత్యేక అధికారాలిచ్చారు. దేశమంతా స్వేచ్ఛ వచ్చిందని చెప్పుకుంటున్న ఏడాది అది! ఎమర్జెన్సీ నాటి సంగతి కూడా చూడు: మన వరంగల్ ఆర్ఈసీ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ) విద్యార్థి సూరపనేని జనార్దన్ సహా నలుగురు 1975 జూలైలో గిరాయిపల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ కాల్పుల మీద పౌరహక్కుల వాళ్ల తార్కుండే కమిటీ, సర్కారు వేసిన భార్గవ కమిషన్ విచారణలు 1977లో గానీ మొదలు కాలేదు. అవి కూడా చదువు.

ఇక మాట్లాడించడం గురించి. కూర్చోగానే ఫోన్ తీసి ముందర పెట్టకు. నలుగురున్న అరుగు మీద ముసలాయన పార్టీ మాటలే చెప్తాడు. పెద్దమనిషి ఎవరైనా పక్కనుంటే అవీ చెప్పడు. పొద్దుగూకినాక ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు మళ్లీ పో. "ఎమర్జెన్సీలో ఏం జరిగింది?" అంటే "ఏముంది బిడ్డా, అందరిలెక్కనే" అంటాడు. "పోలీసు జీపు వస్తే మీ నాయన ఎటు పోయేటోడు? ఎన్ని రోజులకు ఇంటికొచ్చిండు?" అని అడుగు, అప్పుడు కదులుతాడు. సంవత్సరం గుర్తుండదు, ఒత్తిడి చెయ్యకు. ఏ పిల్ల పెళ్లి ముందా, ఏ బావి తవ్వినాకనా అంటే చెప్తారు. ఆడవాళ్లను విడిగా అడుగు. రాత్రి ఎవరికి అన్నం పెట్టారో, తెల్లారి ఠాణాకు ఎవరు పోయారో వాళ్లకే తెలుసు.

రాసింది వాళ్లకు చదివి వినిపించు. పేరు వద్దంటే తీసెయ్, ఎందుకని అడగకు.

మీ తాత