బ్లేడు పట్టే ముందు కళ్లద్దాలు పెట్టుకో

తిరుపతి

చిరంజీవి చిన్నోడికి,
మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు చిత్తూరులో అద్దెకున్న మేడగది కిటికీ గట్టు మీద కాక్టస్ మొక్కలు పెంచుతున్నావనీ, ఇక వాటికి అంటు కట్టి, దగ్గరి నుంచి ఫోటోలు తీయడానికి కెమెరాకు కొత్త లెన్సు కూడా కొన్నావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. ఆమె చెప్పింది ఖర్చు గురించిన ఫిర్యాదే కానీ, నాకు మాత్రం సెలవులకు వచ్చి మా డాబా మీద కుండీల మధ్య బోర్లా పడుకుని ముళ్లు లెక్కపెట్టిన పిల్లవాడు కళ్ల ముందు కదిలి గర్వంగా అనిపించింది. ఆ వెంటనే నువ్వు బ్లేడు పట్టుకుంటావన్న సంగతి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

కిటికీ తూర్పుదైతే మంచిదే. పడమటిదైతే ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండకు మొక్క ఒక పక్క తెల్లబారి కాలిపోతుంది కాబట్టి పల్చని తెల్లగుడ్డ అడ్డం కట్టు. కుండీకి కింద చిల్లు ఉండాలి, మట్టిలో సగం ముతక ఇసుక, సన్న కంకర ఉండాలి, అడుగుదాకా ఆరాకే నీళ్లు పోయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు కాలం. ఆ నెలల్లో చెంబు జోలికి పోకు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి. నీకు తెలియనిది నా కుడికన్ను కథ. ఇంట్లో దాన్ని "అప్పుడేదో దుమ్ము పడింది" అని దాటవేస్తూ వచ్చాం, సిగ్గుపడి.

1991లో నేను చంద్రగిరిలో టీచరుగా ఉన్నాను. ఆ ఏడు జనవరిలో మీ పెదనాన్నతో బెంగుళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు వెళ్లి, గేటు బయట ఒక ఎర్ర కాక్టస్ కొన్నాను. మూడు అంచుల పచ్చని కాడ, దాని తల మీద కుంకుమ భరిణెలాంటి ఎర్రని బంతి. ఆ బంతిలో పత్రహరితం ఉండదు, తన అన్నం తాను వండుకోలేదు. 1941లో జపాన్‌లో ఈజీ వతనాబే అనే ఆయన నారులో కనిపించిన అలాంటి ఎర్ర మొలకలను వేరే కాక్టస్ మీద అంటు కట్టి బతికించాడు కాబట్టే అవి ఇవాళ మన నర్సరీల దాకా వచ్చాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను దానికి తులసికి పోసినట్టు రోజూ నీళ్లు పోశాను. జూలై వచ్చేసరికి అడుగు కాడ మెత్తబడి, వేలితో నొక్కితే గోధుమరంగు నీరు కారింది. పైబంతి మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

మామిడి తోటలో మా నాన్న అంటు కడుతుంటే కొబ్బరిపీచు అందిస్తూ పెరిగినదాన్ని, నాకెవరు చెప్పాలి అనుకున్నాను. బడికి వెళ్లే దారిలో చేని కంచెకు బొంతజెముడు ఉండేది. దానికీ పచ్చని కాడ, మూడు అంచులు, అంచుల మీద ముళ్లు. కుళ్లిన కాడకు కవలపిల్లే అనిపించింది. ఒక కొమ్మ తెచ్చి పాతి, పది రోజులాగి, ఒక ఆదివారం మధ్యాహ్నం తల నరికాను. కోసీ కోయగానే చిక్కని తెల్లని పాలు ఎగదన్ని కాడ వెంట కారాయి. చీరచెంగుతో తుడిచాను; మళ్లీ కారాయి, మళ్లీ తుడిచాను. బంతిని దాని మీద కూర్చోబెట్టి, ఊలుదారం చుట్టి, నుదుటి చెమట కంట్లోకి దిగుతుంటే అదే చెంగుతో కన్ను ఒత్తుకున్నాను.

రాత్రికి కంట్లో ఎండుమిరపకాయ నూరి పెట్టినట్టయింది. నీళ్లతో కడగాలన్న ఇంగితం లేక, పొరుగావిడ చెప్పిందని ఆముదం చుక్క వేసుకున్నాను. తెల్లారేసరికి రెప్పలు అతుక్కుపోయాయి. విప్పి చూస్తే దీపం దూదిపింజలా కనిపించింది. తిరుపతిలో చూసిన కంటి డాక్టరు, నాకన్నా చిన్నవాడే, జెముడు పాలు కంటిపొరను పుండు చేస్తాయనీ, పడిన క్షణం నుంచి పావుగంటైనా ధారగా నీళ్లు పోసి కడిగి పరుగెత్తుకు రావలసిందనీ బాగా చీవాట్లు పెట్టాడు. పదమూడు రోజులు కన్ను తెరవలేదు. పిల్లల పరీక్ష కాగితాలు మీ పెదనాన్న పైకి చదువుతుంటే నేను మార్కులు చెప్పేదాన్ని. చూపు వచ్చింది కానీ, ఇప్పటికీ రాత్రిపూట ఎదురొచ్చే బస్సు దీపాల చుట్టూ నాకు మంచు పట్టినట్టుంటుంది.

ఆ ఎర్ర బంతి పన్నెండో రోజుకు ఎండిన ఉసిరికాయలా ముడుచుకుని రాలిపోయింది. అది అతకదు నాయనా, ఎన్ని దారాలు చుట్టినా అతకదు. జెముడు కాక్టస్ కాదు, ఆముదం కుటుంబానిది. ఒక మొక్క పాలు కంట్లో పడితే దాని చుట్టం నూనె మందుగా వేసుకున్న తెలివి నాది.

అందుకే, కోసే ముందు ముల్లు మొదట చూడు. కాక్టస్‌కు ముళ్లు పుట్టే చోట చిన్న దూది గద్దెలాంటిది ఉంటుంది, ముళ్లన్నీ ఆ గద్దెలోంచి గుత్తిగా వస్తాయి; జెముడుకు ఆ దూది ఉండదు, అంచు మీద ముళ్లు జతజతగా ఉంటాయి. కాక్టస్‌లలో కూడా మామిలేరియా అనే రకంలో కొన్నింటికి పాలు ఉంటాయి కాబట్టి పాలను బట్టి తేల్చకు, దూది గద్దెను బట్టే తేల్చు. పేరులో జెముడు ఉన్నా, మన కంచెల్లో నిజమైన కాక్టస్ నాగజెముడే, అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. దాని పెద్ద ముళ్లకన్నా గద్దెల్లోని నూగుముళ్లు చెడ్డవి. వేలికి అంటుకున్నది తెలియదు, ఆ వేలు కంటికి పోతుంది.

అంటు కట్టడానికి డ్రాగన్ ఫ్రూట్ కాడ వాడు, ఇప్పుడు ఏ నర్సరీలో అడిగినా ఇస్తారు. మామిడిలో బెరడు కింది పొరలు కలపాలి, ఇక్కడ కోత నడుమ కనిపించే సన్నని వలయాలు కలపాలి. ఆ వలయం తడి కాగితం మీద గాజు అడుగు ముద్రలా ఉంటుంది. పైముక్కది చిన్నదైతే పక్కకు జరిపి, ఒక చోటైనా రెండు వలయాలు ఒకదాన్నొకటి దాటేలా కూర్చోబెట్టు. కాడ అంచులను పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా చెక్కు, లేకపోతే కండ ఆరి లోపలికి దిగి, గట్టి తోలు మాత్రం నిలబడి పైముక్కను ఎత్తేస్తుంది. బ్లేడును ప్రతి కోతకూ స్పిరిట్‌తో తుడువు. రబ్బరు బ్యాండ్లు కుండీ అడుగు మీదుగా వేసి, వారం పదిరోజులు నీడలో ఉంచి, కోత మీద చుక్క నీరు పడనీయకు.

ఫోటోల విషయంలో నాకున్న భయం నువ్వు నవ్వే భయమే. లెన్సు ఎంత దగ్గరికి పెడితే నీ ముఖమూ అంత దగ్గరికి వస్తుంది. ఒక కన్ను కెమెరాకు ఆనించి రెండోది మూసుకుని, ముళ్లకు జానెడు దూరంలో ఊగే మనిషిని తలుచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. స్టాండు వేసి, వెనక తెర మీద చూసి తీయి. ఉదయం ఏటవాలు వెలుగులో, వెనక నల్లగుడ్డ వేలాడదీస్తే ప్రతి ముల్లూ వెండితీగలా వస్తుంది. ఎంత దగ్గరగా తీస్తే అంత తక్కువ లోతు స్పష్టంగా పడుతుంది కాబట్టి లెన్సులో వెలుగు దూరే కంతను, అదే ఎపర్చరును, పదకొండో అంకె దాకా మూసి చూడు. ఎండ మరీ తీవ్రంగా ఉంటే మీ తాతయ్య మల్లు పంచె ముక్క అడ్డం పెట్టు. మేడగది కిటికీ నుంచి బయటికి వంగి మాత్రం తీయకు. మీ అమ్మకు ఇది చెప్పలేదు, చెబితే ఆ కిటికీకే మేకులు కొట్టిస్తుంది.

ఆదివారం మీ బాబాయి చిత్తూరు వస్తున్నాడు. అతని చేత డ్రాగన్ ఫ్రూట్ కాడలు మూడు, కోత ఆరబెట్టి కాగితంలో చుట్టి పంపుతున్నాను. అదే సంచిలో పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు ఒక జత ఉన్నాయి, వెల్డింగు పనివాళ్ల కొట్లో కొన్నాను. నీ ముఖానికి కొంచెం పెద్దవైతే వెనక ఎలాస్టిక్ బిగించుకో. మొదటి ఫోటో పువ్వుది పంపకు. అవి పెట్టుకుని బ్లేడు పట్టుకున్న నీ ఫోటో పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ