ఫైలు ముందు, కమాండు తర్వాత

ప్రశ్న: మెస్ డబ్బులు కట్టినవాళ్ల జాబితాని ‘పేర్లు’ అనే ఫైలులో రాసుకున్నాను. అక్షరక్రమంలో పెడదామని లినక్స్ టెర్మినల్‌లో ‘సార్ట్ పేర్లు > పేర్లు’ అని కొట్టాను. తప్పేమీ చూపలేదు గానీ ఫైలు ఖాళీ అయిపోయింది. సార్ట్ చెడిపోయిందా?
— హాస్టల్ పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: సార్ట్ తప్పేం లేదు. > గుర్తు కనబడగానే షెల్ (మీరు కొట్టిన కమాండుని చదివి నడిపే ప్రోగ్రాము) దాని తర్వాత ఉన్న ఫైలుని తెరుస్తుంది. లేకపోతే సృష్టిస్తుంది, ఉంటే సున్నా బైట్లకు తుడిచేస్తుంది. కమాండు మొదలయ్యేది ఆ తర్వాతే. సార్ట్ చదవబోయేసరికి అక్కడ ఏమీ మిగల్లేదు. ‘సార్ట్ -ఓ పేర్లు పేర్లు’ అనాల్సింది, -ఓలోది ఇంగ్లీషు చిన్న అక్షరం o. అది మొత్తం చదివాకే రాయడానికి ఫైలు తెరుస్తుంది.

చెత్తబుట్టలో వెతక్కండి, ఇలా పోయింది అందులోకి చేరదు. అంతకుముందు క్యాట్‌తో (ఫైలులోని రాతని తెర మీద చూపే కమాండు) ఆ ఫైలుని చూసి ఉంటే, టెర్మినల్ మూయకుండా పైకి జరిపి కాపీ చేసుకోండి.

ఇకమీదట బాష్‌ఆర్‌సీ ఫైలులో (షెల్ మొదలైనప్పుడు చదివే అమరికల ఫైలు) ‘సెట్ -ఓ నోక్లాబర్’ వరుస చేర్చండి. అప్పుడు > ఉన్న ఫైలుని చెరపడానికి ఒప్పుకోదు. కావాలనే చెరపాలంటే >| వాడాలి, చివర చేర్చడానికి >> మామూలుగానే పనిచేస్తుంది. ఖాళీ ఫైలు కావాలంటే టచ్ కమాండు చాలు. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే తేదీ మారుస్తుందే తప్ప లోపలి రాత జోలికి పోదు.

ప్రశ్న: ‘సుడో ఎకో’తో ఈటీసీ ఫోల్డరులోని హోస్ట్స్ అనే సిస్టమ్ ఫైలుకి >> పెట్టి ఒక వరుస చేర్చబోతే ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. సుడో ఇచ్చాను కదా?
— పాఠకురాలు, బీటీఎం లేఅవుట్

జవాబు: పై జవాబులోని కారణమే. సుడో ఇచ్చే అడ్మిన్ అధికారం ఎకోకి (ఇచ్చిన రాతని బయటికి పంపే కమాండు) దక్కింది, ఫైలు తెరవబోయింది మాత్రం మీ షెల్. ఎకో తర్వాత నిలువు గీత పెట్టి ‘సుడో టీ -ఏ’ అనీ, ఆపైన ఫైలు పేరూ రాయండి. టీ తనకొచ్చిన రాతని ఫైలులో రాస్తుంది, ఈసారి ఫైలు తెరిచేది సుడో అధికారం ఉన్న టీయే. చివర చేర్చమని చెప్పే ఆ -ఏ మరిచారంటే హోస్ట్స్‌లో మీ కొత్త వరుస ఒక్కటే మిగులుతుంది.

ప్రశ్న: తెలుగులో ఫైలు పేరు పెడితే ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అంటోంది. అరవై అక్షరాలు కూడా లేవు.
— పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఈఎక్స్‌టీ4లో (లినక్స్ డిస్కు మీద ఫైళ్లని అమర్చే పద్ధతి) పేరుకి హద్దు 255 బైట్లు, అక్షరాలు కాదు. యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. పొల్లు, గుణింతం గుర్తులూ విడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, డిస్కుకి 6 సంకేతాలు, 18 బైట్లు. పేరు కురచగా పెట్టి, పూర్తి శీర్షికని ఫైలు మొదటి వరుసలో రాసుకోండి.