ఒక్క రోజులో వరంగల్ కట్టడాలు: మా చుట్టాలొస్తే నేను తిప్పే వరస

ఆదివారం హైదరాబాద్ నుంచి చుట్టాలు కార్ల వస్తున్నరు, పెద్దవాళ్లు కూడా ఉన్నరు, రామప్ప, వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి, పద్మాక్షి గుట్ట అన్నీ ఒక్కరోజుల అయితయా అని అడిగిన్రు కదా. అయితయ్ గానీ ఏదీ సక్కగ చూసినట్టు ఉండదు. మాది హన్మకొండనే, ఇంటికి ఎవరొచ్చినా తిప్పే డ్యూటీ నాకే పడ్తది, అందుకే చెప్తున్న, మూడే పెట్టుకోండి: పొద్దున రామప్ప, మధ్యల వేయిస్తంభాలు, సాయంత్రం కోట. సగం టైం కోటకే ఉంచండి. అందరు ఉల్టా చేస్తరు, కోటకు చివరి అరగంట ఇస్తరు.

రామప్ప పొద్దుగాలనే ఎందుకంటే హన్మకొండ నుంచి 65-70 కిలోమీటర్లు ఉంటది, ములుగు దాటినంక జంగాలపల్లి దగ్గర తిరగాలె, పైగా చెప్పులు ఇడిచి గుడి చుట్టూ రాతి అరుగు మీద నడవాలె, ఎండ ఎక్కిందంటే ఆ రాయి మీద కాలు పెట్టలేం, సాక్సులు తెచ్చుకుంటే నయం. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213ల కట్టించిండు, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక ఎక్కడెక్కడి నుంచో వస్తున్నరు. వచ్చినోళ్లంతా నీళ్ల మీద తేలే ఇటుకలు ఏవీ అని అడుగుతరు, అవి పైన శిఖరంల వాడినయి, బరువు తగ్గుతదని, కింద నిలబడి చూస్తే ఏం తెల్వదు. దానికన్నా చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే ఆడవాళ్ల బొమ్మలను చూడండి. గుడంతా ఎర్ర ఇసుకరాయి అయితే ఆ బొమ్మలు మాత్రం నల్లగ నున్నగ ఉంటయి, ఒకామె కాళ్లకు ఎత్తు చెప్పులు కూడా ఉంటయి, పిల్లలుంటే ఆమెను ఎతకమనండి. లోపల నేల అక్కడక్కడ కుంగి ఎగుడుదిగుడుగ ఉంటది, పెద్దవాళ్ల చెయ్యి ఇడవకండి.

వేయిస్తంభాల గుడి ఊర్లనే కాబట్టి తొందరగ అయిపోతది. 1163ల కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిండు, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. ఆయన అక్కడ వేయించిన సంస్కృత శాసనం తోనే కాకతీయులు చాళుక్యుల కింద కాకుండా సొంతంగ రాజ్యం ఏలుడు మొదలైందని లెక్కేస్తరు, ఆ రాతిని చూడకుండనే చాలామంది నంది దగ్గర ఫొటో దిగి పోతరు. ముంగటి కళ్యాణ మండపం కుంగుతుందని మొత్తం ఊడదీసిన్రు, ఏండ్లకేండ్లు రాళ్లన్నీ ఆవరణలనే పడి ఉండె, ఇగ ఇది కాదులే అనుకున్నం మేమంతా, చివరికి 2024 మార్చిల శివరాత్రికి తెరిచిన్రు. వెయ్యి ఉన్నయా లేవా అని మాత్రం లెక్కపెట్టకండి, మా మామయ్య ప్రతిసారి మొదలుపెడ్తడు, ఎన్నడూ పూర్తి చెయ్యలే.

ఇగ కోట. తోరణం చూసి ఇదే కోట దర్వాజ అనుకుంటరు, కాదు. నాలుగు దిక్కుల ఉన్న నాలుగు తోరణాలు మధ్యల ఉండే స్వయంభు శివుని గుడి ఆవరణకు ద్వారాలు. 1323ల ఢిల్లీ సైన్యం ఓరుగల్లును గెలిచినంక ఆ గుడి పోయింది, తోరణాలు మిగిలినయి. తెలంగాణ రాజముద్రల చార్మినార్ తోని పాటు ఉన్నది ఈ తోరణమే, చార్మినార్ 1591ది కదా, ఇది దానికన్నా మూడు వందల ఏండ్లకు పైనే పెద్దది, హైదరాబాదోళ్లకు ఈ ముక్క కచ్చితంగ చెప్పండి. తోరణం కింద సెల్ఫీ దిగి వాపస్ పోకుండ మధ్యల పడి ఉన్న రాళ్లల్ల తిరగండి, వేరే గుళ్లల్ల మెడలు నొప్పి పుట్టేదాంక తలెత్తి చూసే కప్పు చెక్కుళ్లు ఇక్కడ నేల మీదనే ఉంటయి, పద్మం రేకుల అంచులు దగ్గర నుంచి చూడొచ్చు.

పక్కనే ఖుష్ మహల్ అనే పెద్ద హాలు, కాకతీయుల తర్వాత ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించిండని చెప్తరు, ఢిల్లీ సుల్తాన్లు తుగ్లక్ల కాలంది అనేటోళ్లు కూడా ఉన్నరు. నాకైతే తోరణం చూసినంక దాన్ని చూస్తేనే మజా, ఎందుకంటే కాకతీయులది నిలువు రాతి మీద అడ్డం రాయి పెట్టి కట్టే పద్ధతి, ఇక్కడేమో పెద్ద పెద్ద కమాన్లు, గోడలు లోపలికి వాలి ఉంటయి, రెండు పద్ధతులు నాలుగడుగుల దూరంల కనిపిస్తయి.

కారు పోయే తొవ్వల ముందు మట్టికోట, తర్వాత అగడ్త, రాతికోట వస్తయి, రాతికోట దర్వాజ దగ్గర తొవ్వ సూటిగ ఉండదు, మలుపు తిరిగి తిరిగి పోతది, శత్రువు ఒక్క ఊపుల లోపలికి ఉరకకుండ. అక్కడ కారు నిమ్మళంగ పోనియ్యండి, ఎదురుంగ ఆటోలు, బర్రెలు వస్తుంటయి, లోపల ఊరుంది మరి. గోడకు లోపలి దిక్కు మెట్లు కూడా ఉంటయి, మోకాళ్ల నొప్పులున్నోళ్లను అవి ఎక్కించకండి, వాళ్లను తోరణాల దగ్గర నీడకు కూసోబెట్టి మీరు పోయి రండి. భద్రకాళి కావాలంటే కోట నుంచి హన్మకొండకు తిరిగొచ్చేటప్పుడు దర్శనం చేసుకోవచ్చు, పద్మాక్షి గుట్ట మాత్రం ఈసారికి వదిలెయ్యండి.