పద్నాలుగు పౌండ్ల బర్గర్‌లో ఏముంటుందండీ?

లండన్‌లో మన పిల్లల తిండి గురించి పోయిన నెల నాలుగు ముక్కలు రాస్తే, వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం బర్గర్ల మీదే ఉన్నాయి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఆరు తీసుకున్నా. నా అర్హత ఏమిటంటారా, అక్కడ చదువుకునే రోజుల్లో ఏడాదిన్నర పాటు ఒక బర్గర్ హోటల్ వంటింట్లో వారానికి మూడు రాత్రులు పనిచేశా. గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి పెనం దగ్గర నిలబడేదాకా వచ్చా.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో చదువుతున్నాడు. మొన్న ఒక ఫొటో పెట్టాడు. ఒక బర్గరు, పక్కన గుప్పెడు చిప్స్, 14 పౌండ్లట! అంటే మన డబ్బులో పదిహేను వందల పైమాటే. మేమిక్కడ వాడి చదువు లోనుకు వడ్డీ కడుతున్నాం. అందులో అంత ఏముంటుందండీ?
— ఒక అమ్మ, నరసరావుపేట

అమ్మా, నెలకోసారైతే ఏమీ అనకండి, వారానికోసారైతే నా తరఫున కూడా రెండు తిట్లు తిట్టండి. లెక్క చెబుతా వినండి. ఆ 14 పౌండ్లలో 2 పౌండ్ల 33 పెన్నీలు ప్రభుత్వానికి పోతాయి, అక్కడ హోటల్లో కూర్చుని తింటే వ్యాట్ 20 శాతం. మిగిలిన దాంట్లోంచే లండన్ అద్దె, పనివాళ్ల జీతాలు, ఆ తర్వాతే మాంసం. ఆ మాంసం కూడా ఖరీదైన రకమే. పెద్ద పెద్ద ముక్కల్ని చల్లటి గదిలో వారాల తరబడి వేలాడదీస్తారు, నీరు ఇగిరి రుచి చిక్కబడుతుంది, తూకం మాత్రం తగ్గిపోతుంది. పైన ఎండిపోయిన పొరను కోసి పారేయాలి, అదీ నష్టమే. ఆ తరుగంతా మీవాడి బిల్లులోనే పడుతుంది.

ఇంకో మాట మీవాడికి చెప్పండి. చాలాచోట్ల బిల్లు కింద 12.5 శాతం సర్వీస్ చార్జి వాళ్లే వేసేస్తారు, అంటే 14 మీద ఇంకో పౌండూ ముప్పావు. 'ఇష్టమైతేనే' అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటే, వద్దంటే తీసేస్తారు. మొహమాటపడి ఇచ్చేది మనవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: బర్గర్ అమెరికా వాళ్లది కదా, లండన్‌లో దీనికి ఇంత పేరెలా వచ్చింది? గూర్మే బర్గర్ అని ఎందుకంటారు?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

దీనికి కాస్త పొడుగ్గా చెప్పాలి తమ్ముడూ. గూర్మే అంటే రుచి తెలిసినవాళ్ల కోసం శ్రద్ధగా చేసిన తిండి అని. లండన్‌కి బర్గర్‌ని అలవాటు చేసింది వింపీ అనే బర్గర్ కొట్టు, 1954లో, కవెంట్రీ స్ట్రీట్‌లో ఉన్న లయన్స్ అనే కంపెనీ వాళ్ల పెద్ద హోటల్లో. ప్లేటులో పెట్టి, ఫోర్కూ కత్తీ ఇచ్చి మరీ పెట్టేవాళ్లు. 1971లో హార్డ్ రాక్ కెఫే, 1974లో వూలిచ్‌లో మెక్‌డొనాల్డ్స్ వచ్చాయి. ఆ తర్వాత పాతికేళ్ల పాటు చాలామందికి బర్గర్ అంటే రాత్రి పూట పబ్బులోంచి బయటపడ్డాక తినే చవక తిండి, అంతే.

మధ్యలో పశువుల మెదడుకి వచ్చే పిచ్చి ఆవు జబ్బు (మ్యాడ్ కౌ) గొడవ వచ్చింది. 1990లో జాన్ గమ్మర్ అనే వ్యవసాయ మంత్రి, మా మాంసానికి ఏ భయమూ లేదని చూపించడానికి, టీవీ కెమెరాల ముందు తన నాలుగేళ్ల కూతురి నోటికి బర్గర్ అందించాడు. ఆరేళ్లు తిరిగేసరికి, 1996 మార్చిలో, ఆ పశువుల మాంసం వల్లే మనుషులకు ప్రాణం తీసే మెదడు జబ్బు వచ్చి ఉండొచ్చని ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకోవాల్సి వచ్చింది, యూరప్ బ్రిటన్ బీఫ్‌ని నిషేధించింది. ముక్కగా ఉంటే మాంసం ఏమిటో కంటికి కనబడుతుంది, ఖీమాలో ఏం కలిపారో దేవుడికెరుక. ఆ అనుమానం చాలాకాలం పోలేదు. గూర్మే బర్గర్ లండన్‌లో నిలదొక్కుకోవడానికి ఈ భయం కూడా కారణమని నా నమ్మకం. ఏ ఊరి పశువు, ఏ కొట్టు మాంసం అని మెనూలో రాసి పెట్టేసరికి జనానికి ప్రాణం కుదుటపడింది, ఆ రాతకి నాలుగు పౌండ్లు ఎక్కువిమ్మన్నా ఇచ్చారు.

2001లో బ్యాటర్సీలో ముగ్గురు న్యూజిలాండ్ కుర్రాళ్లు గూర్మే బర్గర్ కిచెన్ అని చిన్న హోటల్ పెట్టారు. మెనూ తయారీకి వాళ్ల దేశం వాడే, పీటర్ గోర్డన్ అనే పేరున్న షెఫ్, సాయం చేశాడు. అందులో కివీబర్గర్ అని ఒకటుండేది. మాంసం మీద బీట్‌రూట్, గుడ్డు, అనాసపండు ముక్క, చీజ్! చూస్తే పెళ్లి భోజనంలో విస్తరిలా ఉంటుంది. 2007లో బైరన్ అనే హోటల్ వచ్చి దీన్ని సరిగ్గా తిరగేసింది, ఇన్ని హంగులెందుకు, మంచి మాంసం, మంచి బన్ను చాలు అంది. నా ఓటు బైరన్‌కే.

అసలు ఊపు మాత్రం రోడ్డు మీంచి వచ్చింది. 2009లో యియానీ పపూట్సిస్ అనే ఆయన మీట్‌వ్యాగన్ అని ఒక బండి మీద బర్గర్లు అమ్మడం మొదలుపెట్టాడు. బండి ఎక్కడుందో ట్విటర్‌లో చూసుకుని జనం వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు. 2010 చివర్లో ఆ బండిని దొంగలెత్తుకుపోయారు. ఇంకొకడైతే తల పట్టుకుని కూర్చునేవాడు. ఈయన న్యూక్రాస్‌లో ఒక పబ్బు మేడ మీద కొన్ని నెలలు కొట్టు నడిపి, 2011 చివరికి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ వెనకాల మీట్‌లిక్కర్ అని హోటలే పెట్టేశాడు. లోపల చీకటి, చెవులు చిల్లులు పడే పాటలు, బయట వానలో క్యూ. అదే ఏడాది బ్రిక్స్‌టన్ మార్కెట్లో ఆనెస్ట్ బర్గర్స్, మరుసటి ఏడాది ప్యాటీ అండ్ బన్. న్యూయార్క్‌లో లాయరు పని వదిలేసి వచ్చిన ఒకావిడ బ్లీకర్ అని బండి పెట్టిందీ 2012లోనే. 2013 జులైలో అమెరికా నుంచి ఫైవ్ గైస్, షేక్ షాక్ ఒకే వారంలో దిగాయి.

నేను పెనం దగ్గరికి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లో. మొదటి రాత్రే నా చెయ్యి ఊరుకోక, చపాతీని పొంగాలని అదిమినట్టు, సగం కాలిన ప్యాటీని, అంటే బన్నులో పెట్టే ఖీమా బిళ్లని, అట్లకాడతో అదిమా. సుయ్‌మని కొవ్వంతా కారిపోయింది, పొగ లేచింది. మా హెడ్ కుక్ ఏమీ అనలేదు. దాన్నొకటి, పక్కన తను కాల్చిందొకటి, రెండూ నా ముందు పెట్టి తినమన్నాడు. నాది నమిలితే చెప్పు తోలు, ఆయనది మెత్తగా రసం ఊరుతోంది. గూర్మే అంటే ఏమిటో నాకు ఆ రెండు ముద్దల్లో అర్థమైంది. పైన పేర్చే సరుక్కీ దానికీ ఏ సంబంధమూ లేదు. గోపురంలా పేర్చి పుల్ల గుచ్చి తెచ్చారంటే నాకు ముందు అనుమానమే, లోపలి మాంసం గురించి మాట్లాడటం ఇష్టం లేదన్నమాట.

ప్రశ్న: ఆఫీసు పని మీద లండన్ వెళ్తే బర్గర్ లోపల గులాబీ రంగులో పచ్చిగా పెట్టారు. తినాలంటే టెన్షన్ వచ్చి వదిలేశా. అది మామూలేనా?
— ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

మామూలే, కానీ మీ టెన్షన్‌లో కూడా న్యాయముంది. పెద్ద ముక్కకి క్రిములు పైపైనే ఉంటాయి, పైన కాలిస్తే చాలావరకు చస్తాయి. ఖీమా కొడితే పైనున్నది లోపలికి కలిసిపోతుంది, అందుకే స్టేక్‌కి, అంటే మందంగా కోసి కాల్చే ముక్కకి, సరిపోయే లెక్క బర్గర్‌కి సరిపోదు. లోపల 70 డిగ్రీల వేడి రెండు నిమిషాలు తగలాలని అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ చెబుతుంది. గులాబీగా పెట్టాలనుకునే హోటల్ ముందుగా స్థానిక అధికారులకు చెప్పాలి, అందుకు అనుమతి ఉన్నచోటి నుంచే మాంసం కొనాలి, మెనూలో హెచ్చరిక రాయాలి. 2016 నుంచి ఇదీ పద్ధతి. పిల్లలు, గర్భిణులు, వయసు మీరినవాళ్లు వద్దనుకోవడమే మంచిది. 'వెల్ డన్' అని అడిగితే ఎవరూ నామోషీగా చూడరు, చూస్తే చూడనివ్వండి.

ప్రశ్న: మేం బీఫ్ తినం, మావారు పూర్తి శాకాహారి. లండన్‌లో మాకేం దొరుకుతుంది? ఇంట్లో మటన్‌తో ఆ రుచి వస్తుందా?
— పాఠకురాలు, రాజమండ్రి

మీవారికి హలూమీ ఉంది. సైప్రస్ చీజ్, పెనం మీద వేసినా కరగదు, పనీర్‌కి ఉప్పెక్కువైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, పళ్ల కింద కీచుమంటుంది. కాకపోతే రెండు అడగాలి. మాంసం కాల్చే పెనం మీదే కాలుస్తారా, చిప్స్ దేంట్లో వేయిస్తారు అని. కొన్నిచోట్ల పశువుల కొవ్వులో వేయిస్తారు, అడిగితేగానీ చెప్పరు. మీకైతే చికెన్ ఎక్కడైనా దొరుకుతుంది. బీఫ్ లేకుండా బర్గర్ లేదని కూడా ఎవరన్నారు, 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో మొదటి కొట్టు తెరిచినప్పుడు బీఫ్ లేకుండానే తెరిచింది, వాళ్ల మహారాజా మాక్ అనే బర్గర్‌ని అప్పట్లో మటన్‌తోనే చేసేవాళ్లు.

ఇక ఇంట్లో మటన్‌తో. బీఫ్ రుచి రాదు, దాని రుచి దానిది, అదీ బాగుంటుంది. మన దగ్గర మటన్ అంటే మేకో పొట్టేలో, మేకైతే కొవ్వు తక్కువ. భుజం మాంసం తీసుకుని, కిలోకి రెండొందల గ్రాముల కొవ్వు పడేలా కలిపి కొట్టమనండి. ముఖ్యమైన మాట, ముక్కలుగా ఉన్నప్పుడే కడిగి గుడ్డతో తుడిచి కొట్టించండి. ఖీమా కొట్టించాక కడిగారా, అయిపోయింది, పెనం మీద నీళ్లూరి ఉడుకుతుంది తప్ప ఎర్రగా కాలదు. శనగపిండి, గుడ్డు, ఉల్లిపాయ, గరం మసాలా, ఏమీ వద్దు. వేస్తే శామీ కబాబు అవుతుంది, అదీ మంచిదే కానీ మీరడిగింది అది కాదు కదా. ఉప్పు కూడా ముందు కలపకండి, ముద్ద బిగుసుకుని రబ్బరులా తయారవుతుంది.

నిమ్మకాయంత ఉండలు చేసి ఫ్రిజ్‌లో అరగంట పెట్టండి. మందపాటి ఇనుప పెనం పొగ వచ్చేదాకా కాల్చండి (దోసెల పెనం ముట్టుకోకండి, మరుసటి రోజు దోసె లేవదు, పూచీ నాది కాదు). ఉండ వేసిన వెంటనే, మొదటి అర నిమిషంలోనే, గట్టిగా ఒక్కసారి అదిమి పల్చగా చేసి పైన ఉప్పూ మిరియాల పొడీ చల్లండి. చల్లగా ఉన్న కొవ్వు అప్పటికింకా కరగదు కాబట్టి కారిపోదు. ఇక ముట్టుకోకండి. అంచులు గోధుమ రంగుకొచ్చి జల్లెడలా కనిపిస్తే అట్లకాడతో అడుగు గీకి తిప్పండి, ఆ గీకిన మాడులోనే రుచంతా ఉంది. పల్చగా ఉంటుంది కాబట్టి పచ్చిదనం మిగలదు, ఐనా లోపల ఎరుపు కనబడితే ఇంకాసేపు ఉంచండి. బేకరీ బన్నుకి వెన్న రాసి అదే పెనం మీద కాల్చండి. పైన పచ్చి ఉల్లిపాయ చాలు.

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ కలిసి కొండాపూర్‌లో గూర్మే బర్గర్ అవుట్‌లెట్ పెడదామనుకుంటున్నాం. 30 లక్షలు సమకూరాయి. రెండేళ్లలో ఐదు బ్రాంచీలు ప్లాన్. మీ సలహా?
— పేరు వద్దన్నారు, హైదరాబాద్

ఐదు బ్రాంచీల ప్లాన్ కాగితం ముందు చింపేయండి. పైన చెప్పిన గూర్మే బర్గర్ కిచెన్‌ని 2016లో దక్షిణాఫ్రికా కంపెనీ ఒకటి 120 మిలియన్ పౌండ్లకు కొంది. బైరన్‌ని అంతకుముందే, 2013లో, 100 మిలియన్లకు అమ్మారు. 2020లో రెండూ చేతులెత్తేశాయి, చేతులు మారి సగం సగం కొట్లతో మిగిలాయి. కరోనా ఆఖరి దెబ్బ మాత్రమే, అంతకుముందే ఊపిరి ఆడట్లేదు. ఊరంతా తెరిచారు, ప్రతి కొట్టుకీ అద్దె, జనం తగ్గితే సగం ధర కూపన్లు. సగం ధరకి అలవాటు పడ్డవాడు మళ్లీ పూర్తి ధరకి ఎందుకొస్తాడు? పక్క వీధిలో కొత్త బండివాడు అదే సరుకు ఇంకా బాగా చేస్తున్నాడు. ఒకప్పుడు గొప్పగా అనిపించినది అందరూ చేసేసరికి మామూలైపోయింది.

మీరు మొదట తేల్చుకోవాల్సింది డెలివరీ సంగతి. బర్గర్ పెట్టెలో మూసిన పది నిమిషాలకి ఆవిరికి బన్ను నానిపోతుంది, కొండాపూర్ ట్రాఫిక్‌లో ముప్పావు గంట తిరిగాక ఇంటికి చేరేది బర్గర్ కాదు, ఉప్మా. అమ్మకాల్లో ఎక్కువ భాగం యాప్‌ల మీదే అనుకుంటుంటే, దారిలో నిలబడే బన్ను ఎవరు చేసిస్తారో ముందు వెతకండి, బోర్డు డిజైన్ తర్వాత చూసుకోవచ్చు. ఖీమా ఏ రోజుది ఆ రోజే కొట్టించండి. మెనూలో నాలుగు రకాలు దాటనివ్వకండి, బర్గర్ల పక్కన బిర్యానీ, నూడుల్స్ పెట్టారని వింటే నేనైతే రాను. ఆర్నెల్ల అద్దె పక్కన పెట్టుకున్నాకే షట్టరెత్తండి.

ప్రశ్న: బర్గర్‌ని ఫోర్కుతో తింటే మా పిల్లలు నవ్వుతున్నారు. చేత్తో తింటే అంతా జారిపోతోంది. ఏం చెయ్యాలి?
— రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి

మాస్టారూ, తలకిందులుగా పట్టుకోండి. కింది బన్ను పల్చగా ఉంటుంది, రసమంతా దాంట్లోకే దిగి ముందు అదే విరిగిపోతుంది. తిప్పి పట్టుకుంటే మందంగా ఉన్న పై బన్ను కిందికొచ్చి రసం పీల్చుకుంటుంది. మధ్యలో కింద పెట్టకండి, పెడితే మళ్లీ లేవదు. తెల్ల చొక్కా మాత్రం ఆ రోజుకి వద్దు.