పాత ట్రంపెట్‌కు మంట చూపించే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో చేసిన పాత ట్రంపెట్ బాగుకు వచ్చిందని రాశావు. బ్యాండు మేళం బూరలకు అతుకులు వేసే అలవాటు నీది. దీనికి మాత్రం గ్యాస్ టార్చి వెలిగించకు.

17, 18 శతాబ్దాల ట్రంపెట్‌లో ముఖ్య భాగాలు ఐదే: రెండు తిన్నని గొట్టాలు, రెండు వంపులు, ధ్వని బయటికొచ్చే వెడల్పు మూతి అయిన గరాటు. వీటిని టంకంతో కలిపేవారు కాదు. ఒకదాంట్లో ఒకటి దూర్చి, సందుల్లో తేనెమైనం పూసి, నడుమ చెక్కముక్క పెట్టి తాడు చుట్టేవారు. విప్పి శుభ్రం చేసుకోవడానికే ఆ ఏర్పాటు. కీళ్ల దగ్గర తగరపు టంకం కనిపిస్తే తర్వాతెవరో వేసిందేనని అనుమానించు.

గొట్టాల్ని లోపల దీపం వేసి భూతద్దంతో చూడు. అప్పట్లో రేకును సుత్తితో పల్చగా సాగగొట్టి, కడ్డీ మీద చుట్టి, వెలిగారం చల్లి గట్టి టంకంతో (ఎక్కువ వేడికి కరిగేది) అతికేవారు. గరాటుకైతే ఒక అంచున పళ్లు కోసి, రెండో అంచును వాటి మధ్య ఇరికించి అతికి, సుత్తితో సమం చేసేవారు. ఆ పళ్ల గీత కనబడాలి. అతుకే లేని గొట్టం ఉంటే అది 19వ శతాబ్దంలోనో ఆ తర్వాతో మార్చింది.

గరాటు అంచు పట్టీ మీద హాస్, ఏహె, హైన్లైన్ లాంటి న్యూరెంబర్గ్ తయారీదారుల పేరు, సంవత్సరం ఉన్నా మొత్తం వాయిద్యానికి అదే వయసని తేల్చేయకు. పట్టీ వేరే రేకు, ఒకదాని నుంచి ఇంకోదానికి మారగలదు. గొట్టానికి మూతల్లేని చిన్న రంధ్రాలుంటే, శ్రుతి సరిచేయడానికి 1960 ప్రాంతం తర్వాత పెట్టినవి కావచ్చు. స్వరం మార్చడానికి నొక్కే కవాటాలు (వాల్వులు) 1814కు ముందు లేవు. అయినా కోసి కవాటాలు బిగించిన ట్రంపెట్‌ను మళ్లీ కవాటాల్లేని సహజ ట్రంపెట్‌గా మార్చొద్దు, ఆ మార్పు కూడా దాని చరిత్రే. ఫొటోలు తీసి, కొలతలు రాసిపెట్టు.

బిగుసుకున్న కీలును హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచెయ్యి. 65 డిగ్రీల లోపే మైనం కరుగుతుంది. చేత్తో మెల్లగా తిప్పుతూ లాగు, పటకారు వద్దు. మంట తగిలిందంటే సుత్తిదెబ్బలతో వచ్చిన గట్టిదనం పోయి రేకు మెత్తబడుతుంది, పాత అతుకూ విడిపోవచ్చు. అమ్మోనియా ఉన్న పాలిష్ అసలే వద్దు. సుత్తి కింద బిగిసిన ఇత్తడిని అది చీలుస్తుంది.

వదులైన కీలుకు పల్చగా నూలుదారం చుట్టి, మైనం రుద్ది దూర్చు.

ఇట్లు,
మామయ్య