మనవడిని పంపమంటున్న అల్లుడు: నా వయసు అడ్డమవుతుందా?

సందేహం: నాకు 68 ఏళ్లు. నాలుగేళ్ల కిందట మా అమ్మాయి చనిపోయింది. అప్పటి నుంచి మనవడిని నేనే పెంచుతున్నాను. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఇన్నాళ్లూ ఒక్క రూపాయి పంపలేదు. ఇప్పుడొచ్చి బాబును పంపమంటున్నాడు. 'ఈ వయసులో కోర్టు నీకివ్వదు' అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. వయసు ఒక్కటే చూసి కోర్టు కాదనదు. 2022లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఒక బాబును హైకోర్టు ఉద్యోగం చేసే పిన్నికి ఇస్తే, సుప్రీంకోర్టు దాన్ని మార్చి నానమ్మ, తాతలకే అప్పగించింది.

అయితే మీ కేసులో తండ్రి బతికే ఉన్నాడు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఆయనే సహజ సంరక్షకుడు. ఆ బలాన్ని తక్కువ అంచనా వేయొద్దు. అమ్మమ్మ తరఫు వాళ్ల దగ్గరున్న బిడ్డను కోర్టులు తండ్రికి అప్పగించిన సందర్భాలూ ఉన్నాయి. కానీ అదే చట్టంలోని 13వ సెక్షన్ బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమంటుంది. మీ కేసంతా దాని మీదే నిలబడాలి.

ఆయన కోర్టుకెళ్లేదాకా ఆగకండి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, బాబు ఉంటున్న ఊరికి సంబంధించిన ఫ్యామిలీ కోర్టులో మీరే పిటిషన్ వేయండి. అది లేనిచోట జిల్లా కోర్టులో వేయాలి. తీర్పు వచ్చేదాకా బాబు మీ దగ్గరే ఉండేలా మధ్యంతర ఉత్తర్వు కూడా అడగండి.

కాగితాలు ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి. స్కూల్ ఫీజు రసీదులు, ప్రోగ్రెస్ రిపోర్టు మీద మీ సంతకం, జ్వరమొచ్చినప్పుడు మీరు తీసుకెళ్లిన డాక్టరు చీటీలు... కోర్టులో ఇవే మీ తరఫున మాట్లాడతాయి. మీకు ఒంట్లో బాగోకపోతే బాబును ఎవరు చూస్తారని జడ్జి తప్పకుండా అడుగుతారు. కొడుకో, ఇంకో కూతురో 'మేమున్నాం' అని అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇస్తే వయసు గురించిన వాదన చాలావరకు తేలిపోతుంది.

జడ్జి బాబుతో విడిగా మాట్లాడవచ్చు. తెలిసే వయసు పిల్లల ఇష్టాన్నీ కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. దయచేసి వాడికి ఏమీ నేర్పించి పంపకండి. నేర్పిన మాటలు రెండు ప్రశ్నల్లోనే బయటపడతాయి, పైగా నలిగిపోయేది ఆ పసివాడే. తండ్రి ఫోన్ చేస్తే మాట్లాడనివ్వండి, చూడటానికొస్తే చూడనివ్వండి. అడ్డుపడితే అది మీకే ఎదురు తిరుగుతుంది.

ఖర్చుల సంగతి. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన తండ్రి బాధ్యత పోదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్పీసీలో 125) బాబు పేరున మీరు మనోవర్తి (పోషణ ఖర్చుల) కేసు వేయవచ్చు. మనోవర్తిని సాధారణంగా దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కిస్తారు కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా బాబుకు నష్టమే.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా ఆ కాగితాలు పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.